రెండెకరాల పాత జిన్నింగ్ మిల్లు: కూల్చి ప్లాట్లు వేయాలా, ఉంచి వాడుకోవాలా?

పెంకులమిల్లు · ఫిబ్రవరి 11, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చదువుతుంటాను గానీ రాసేది తక్కువ. ఇంట్లో ఒక తగువు నడుస్తా ఉంది, మీ అందరి బుర్రలూ కావాలి.

మాది ఆదోని. ఒకప్పుడు పత్తి, బట్టల వ్యాపారం చూసి ఈ ఊరిని రెండో బొంబాయి అనేవాళ్లు. మా అబ్బ (తాత) 1938లో కట్టించిన జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు, ఒకటి ఉంది. మొత్తం స్థలం 2 ఎకరాలు. ఎర్ర ఇటుక, గానుగ సున్నం, పైన మంగళూరు పెంకు. జిన్నుల షెడ్డు, బేళ్లు కట్టే ప్రెస్సు గది, గోడౌను కలిపి 14 వేల చదరపు అడుగులు ఉంటాయి. ఒక పొగగొట్టం కూడా ఉంది. మిల్లు ఆగిపోయి 19 ఏళ్లు. మిగతాదంతా అప్పట్లో పత్తి దించిన ఖాళీ జాగా, ఇప్పుడు సర్కారు తుమ్మ.

వెంచర్ వాళ్లు 3 కోట్లకు అడుగుతున్నారు. నేల చదును చేసి ఇవ్వాలంట, అదొక్కటే షరతు. మా చిన్నాయన సరే అంటున్నాడు. మా నాయన నోరు విప్పడు. చెల్లెలు బెంగళూరులో ఏదో పాత ఫ్యాక్టరీ షెడ్డులో కాఫీ తాగొచ్చినప్పటి నుంచి "కూల్చొద్దు అన్నా" అని ఒకటే పోరు. నాకూ ప్రేమ లేక కాదు. ప్రేమకు ఆస్తి పన్ను ఎవరు కడతారు?

నేను అడిగేది ఒకటే. ఉంచితే డబ్బు పరంగా నిలబడుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

గజాలలెక్క · ఫిబ్రవరి 11, రాత్రి 10:20

అమ్మేయండి బాబూ. 18 ఏళ్లుగా వెంచర్లు వేస్తున్నాను. కొనేవాడికి పాత గోడ కనిపిస్తే గజానికి 500 తగ్గించి అడుగుతాడు. మూతబడ్డ మిల్లు అంటే ఊళ్లో వాళ్లకి దయ్యాల కొంప, రాత్రయితే పేకాట. మీ చెల్లెలు తాగిన కాఫీ కప్పు 300 అయ్యుంటుంది. ఆదోనిలో ఎంతమంది తాగుతారు చెప్పండి?

---

రూర్ గోదారోడు · ఫిబ్రవరి 12, తెల్లవారుజాము 3:05

నేనుండేది జర్మనీలో, ఎస్సెన్. రోజూ ట్రాములో త్సోల్‌ఫెరైన్ బొగ్గు గని ముందునుంచే పోతాను. ఆ గని 1986 డిసెంబరులో మూసేశారు, పక్కనే ఉన్న కోక్ బట్టీలు (ఉక్కు కొలిమికి వాడే కోక్‌ను బొగ్గు నుంచి చేసేవి) 1993లో. మామూలుగా అయితే ఇనుమంతా తూకానికి పోవాలి. రాష్ట్ర ప్రభుత్వం అడ్డం పడి కొనేసింది. 2001లో యునెస్కో జాబితాకెక్కింది. బాయిలర్ ఇల్లు డిజైన్ మ్యూజియం అయింది. బొగ్గు కడిగే భవనంలో 2010 నుంచి రూర్ ప్రాంతపు మ్యూజియం ఉంది. చలికాలం కోక్ బట్టీల పక్కన నీళ్లు గడ్డకట్టించి స్కేటింగ్ పెడతారు, మా పాప అక్కడే నేర్చుకుంది. ఏడాదికి 15 లక్షల మంది వస్తారని చెబుతారు.

అరగంట దూరంలో డ్యూయిస్‌బర్గ్ ఉక్కు కొలిమి 1985లో ఆగింది. అక్కడైతే కూల్చడానికయ్యే ఖర్చే భయపెట్టింది. పీటర్ లాట్స్ అనే తోటల రూపశిల్పి కొలిమిని కదల్చకుండా చుట్టూ పార్కు వేశాడు. గ్యాసు నిలవుంచిన పెద్ద ట్యాంకు నిండా నీళ్లు పోసి ఈతగాళ్లకు డైవింగ్ నేర్పుతున్నారు. ఖనిజం పోసిన గుంతల గోడలెక్కడం నేర్చుకునే వాళ్లు వేరు. లోపలికి టికెట్టు లేదు.

అంటే ఉంచుకోమనే నా ఓటు.

---

గజాలలెక్క · ఫిబ్రవరి 12, ఉదయం 7:41

సార్, మీ జర్మనీ ప్రభుత్వం ఆదోని వచ్చి కొంటానంటే నేనే దగ్గరుండి రిజిస్ట్రేషన్ చేయిస్తా.

---

రూర్ గోదారోడు · ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 1:30

ఒప్పుకుంటున్నా. నిన్న రాత్రి ఊపులో సగమే రాశాను, మిగతా సగం ఇదిగో. ఇక్కడ 1989 నుంచి 1999 దాకా పదేళ్లు ఎమ్‌షెర్ పార్క్ అనే పునరుద్ధరణ పథకం పేరుతో ప్రభుత్వ డబ్బు ధారగా పోశారు. ఇప్పటికీ త్సోల్‌ఫెరైన్ టికెట్లతో నడవదు, గ్రాంటుతోనే నడుస్తుంది. ఎస్సెన్ ఉత్తర భాగంలో నిరుద్యోగం ఇంకా ఎక్కువే. గనులన్నీ మూసినా, ఆఖరిది 2018లో మూసినా, కింద ఊరే నీళ్లు తోడుతూనే ఉండాలి. తోడకపోతే ఊళ్లే మునుగుతాయి. దానికో శాశ్వత నిధి పెట్టుకున్నారు. కాబట్టి మీరు ఇక్కడి నుంచి నేర్చుకోవాల్సింది మ్యూజియం కాదు. కూల్చడం ఉచితం కాదన్న సంగతి. "చదును చేసి ఇవ్వాలి" అన్న షరతు ఖరీదెంతో ముందు కనుక్కోండి.

---

ఇనుపకొట్టు · ఫిబ్రవరి 12, సాయంత్రం 6:15

నేను పాత ఇనుము కొని అమ్మేవాణ్ణే, అయినా నా మాట నా స్వార్థమనుకోకండి. చదును చేసే కాంట్రాక్టరు చాలాసార్లు ఎదురు డబ్బిస్తాడు. ఎందుకంటే టేకు దూలాలు, గర్డర్లు, పాత ఇటుక వాడికి లాభం. మీరు ఆ లాభం లెక్కేయకుండా "కూల్చి పెట్టు, మాకేమీ ఇవ్వకు" అంటే వాడు మనసులో దండం పెట్టుకుంటాడు. పాత టేకు ఇప్పుడు అడవిలో దొరకదు. జిన్ను మిషన్ల మీద పేరు ఉందా?

---

పెంకులమిల్లు · ఫిబ్రవరి 12, రాత్రి 8:44

ఈరోజు ఆదివారం లాగా సెలవు పెట్టి మరీ పోయి చూసినా. కంపచెట్లు కొట్టించుకుంటూ లోపలికి పోవడానికే గంట పట్టింది.

జిన్నుల మీద పోతపోసిన అక్షరాలు: ప్లాట్ బ్రదర్స్, ఓల్డ్‌హామ్. 24 మిషన్లుండాలి, 11 ఉన్నాయి. మిగతావి ఎప్పుడు ఎవరు అమ్ముకున్నారో మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. పైన ఇనుప ట్రస్సులు (పైకప్పు మోసే చట్రాలు), వాటి మీద డోర్మన్ లాంగ్ అని అచ్చు. గోడౌను మీద మాత్రం పెంకు లేదు, సిమెంటు రేకులు. ఒక మూల పెంకు జారి వాన లోపలికి కారుతోంది, ఆ గోడకు పచ్చగా పాకుడు. పొగగొట్టం మీద రావి మొలిచింది.

---

సున్నంగార · ఫిబ్రవరి 12, రాత్రి 10:31

పాత కట్టడాల మరమ్మతే నా వృత్తి. తూకం వేసేవాళ్లకంటే ముందు మీకు దొరకడం నా అదృష్టం.

డోర్మన్ లాంగ్ అంటే ఇంగ్లండులోని మిడిల్స్‌బరో ఉక్కు. ఆ కాలపు గర్డర్లు మన దేశంలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. పైపైన తుప్పు గీరి చూడండి. రేకులు రేకులుగా ఊడకపోతే భయం లేదు. భయమంతా ట్రస్సు గోడలోకి దిగే చోట. అక్కడ తేమ నిలిచి లోపలి నుంచి తినేస్తుంది, బయటికి కనిపించదు. నాలుగు చోట్ల ఇటుక తీయించి చూడాలి.

గోడలకు సిమెంటు పూత పూయించొద్దు. నిక్కచ్చిగా చెబుతున్నా, ఎవరు చెప్పినా వినొద్దు. సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది, తేమను బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే నీరు లోపలే ఆగి ఇటుక పొడి అవుతుంది. చాలా పాత మిల్లులు వానకు పోలేదు, ఇలాంటి మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతుకు పోయాయి. సున్నంతోనే చేయించండి.

సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఉన్నంతకాలం పెద్ద ప్రమాదం లేదు. పగలగొట్టినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు విషం. మేస్త్రీలు సుత్తితో కొట్టి దించుతారు, చేయనివ్వకండి. తడిపి, బోల్టు విప్పి, చెక్కు చెదరకుండా దించాలి. ఇది ఉంచినా కూల్చినా తప్పని ఖర్చు. దీన్ని "ఉంచే ఖర్చు" కింద ఒక్క పక్కనే రాయకండి.

ఇంకో మాట. పత్తి మిల్లు కావడం మీ అదృష్టం. కోలారు బంగారు గనులు 2001లో మూశారు. ఇప్పటికీ అక్కడ సైనైడు కలిసిన మట్టి దిబ్బలు కొండల్లా ఉన్నాయి, ఎండాకాలం గాలికి ఊళ్ల మీద పడతాయి. దాంతో పోలిస్తే మీ నేలలో దూది, గింజ తప్ప ఏముంటుంది?

రావి చెట్టు సంగతి మాత్రం రేపే చూడండి. పీకొద్దు, పీకితే ఇటుక ఊడుతుంది. కోసేసి మొదలుకు మందు పెట్టించండి.

---

వర్లీ చాళ్ పోరడు · ఫిబ్రవరి 13, ఉదయం 11:12

రెండో బొంబాయి అన్నరు గదా, మొదటి బొంబాయి ముచ్చట నేను జెప్త. మా తాత కరీంనగర్ దిక్కు నుంచి ఒచ్చి ఇక్కడ మిల్లుల సాంచెలు (మరమగ్గాలు) నడిపిండు. వర్లీ, ప్రభాదేవి దిక్కు ఎన్ని పద్మశాలి కుటుంబాలు ఉన్నయో లెక్కలేదు. మిల్లు భోంగా (సైరన్) మోగితెనే మా నాయనమ్మ పొయ్యి ముట్టిచ్చేదట.

1982 జనవరి, కార్మిక నాయకుడు దత్తా సామంత్ సమ్మె. రెండున్నర లక్షల మంది. ఆ సమ్మె ఇంతవరకు అధికారికంగ ముగిసిందని చెప్పినోడు లేడు. మిల్లులు పోయినయి, సాంచెలు భివండికి పోయినయి, మా పెదనాయన గూడ వాటెంబడే పోయిండు. మిగిలింది భూమి. దాదాపు 600 ఎకరాలు, నగరం నడిబొడ్డుల.

ఇగ అసలు కత. 1991ల రూలు తెచ్చిన్రు: మిల్లు భూమి అమ్మితె మూడు వంతులు చెయ్యాలె. ఒకటి పార్కులకు, ఒకటి ప్రభుత్వ ఇండ్లకు, ఒకటి యజమానికి. మంచి రూలే. 2001ల దాన్ని మార్చిన్రు. మిల్లు కట్టడం లేని ఖాళీ జాగనే మూడు వంతులు చేస్తె సాలు, కట్టడం కింద ఉన్న భూమి లెక్కలకు రాదు అన్నరు. మరి మిల్లులల్ల ఖాళీ జాగ ఎంతుంటది? అరచెయ్యంత. కోర్టుకు పోయిన్రు, 2006ల సుప్రీంకోర్టు మార్పే కరెక్టు అన్నది. పార్కులు, ఇండ్లు రావలసినంత రాలె. మాల్సు, టవర్లు ఒచ్చినయి. ఫీనిక్స్ మిల్లు పొగగొట్టం ఇప్పటికీ మాల్ నడుమల నిలబెట్టి ఉంచిన్రు, జనం దాని పక్కన ఫోటోలు దిగుతరు. కార్మికులకు లాటరీల కొన్ని ఇండ్లు ఒచ్చినయి, మా తాత పేరు ఇంక లిస్టులనే ఉంది.

పాత షెడ్డు ఉంచితె ధర పెరుగుతదా అంటె పెరుగుతది, నేను కండ్లార చూసిన. పెరిగినంక ఎవని జేబులకు పోతదన్నదే నా పంచాయితి. నువ్వు సొంతదారువి, నీకా బాధ లేదు. గని మిల్లుల పనిచేసిన హమాలీల బాకీలు ఏమన్న మిగిలినయా?

---

పెంకులమిల్లు · ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 2:20

సూటిగా అడిగావన్నా. ఇద్దరు ముగ్గురికి ఇవ్వాల్సిందేదో ఉందని అమ్మ అంటుంది. నాయన "అప్పుడే తీర్చేశాం" అంటాడు. కాగితం ఎవరి దగ్గరా లేదు.

---

ఓరుగల్లు కాక · ఫిబ్రవరి 13, సాయంత్రం 4:50

మా వరంగల్ల ఆజంజాహి మిల్లు 1934ల పెట్టిన్రు, నిజాం తన కొడుకు పేరు పెట్టిండు. నేను చిన్నగున్నప్పుడు ఊరంత ఆ మిల్లు టైమునే నడిచేది. ఇప్పుడు ఆ భూమి ప్లాట్లయింది. అండ్లకెల్లి పోతె మా మనుమడు "తాతా, మిల్లేది?" అంటడు. బోధన్ల నిజాం షుగర్స్ గూడ 1937ల పుట్టింది, 2015ల తాళం పడ్డది.

అయితే ఒక్కటి. కాగజ్‌నగర్ల సిర్పూర్ పేపర్ మిల్లు 2014ల బందయింది, 2018ల వేరే కంపెనీ కొన్నది, మళ్ల కాగితమే తీస్తున్నది. అందరు మ్యూజియం, కాఫీ అంటున్నరు. మిల్లును మిల్లు లెక్కనే నడిపే మార్గముందా అని ఒక్కలన్న అడిగిన్రా?

---

పెంకులమిల్లు · ఫిబ్రవరి 13, సాయంత్రం 5:35

అడిగినా కాకా. ఇప్పటి జిన్నింగ్ యూనిట్లు ఆటోమేటిక్. లారీ నుంచి గొట్టంతో పత్తి లాగేస్తాయి. మా షెడ్డులో ఆ మిషన్ పట్టాలంటే పైకప్పు తీయాలి.

---

బ్రాడ్‌ఫర్డ్ కోడలు · ఫిబ్రవరి 14, ఉదయం 5:10

మా అత్తగారింటి పక్క వీధి కథ చెప్పాలని ఇన్నేళ్లకు ఈ వేదికలో నోరు తెరుస్తున్నాను. మీ ప్రశ్నకు ఎస్సెన్ కంటే, బొంబాయి కంటే ఇదే దగ్గర. ఎందుకంటే ఇక్కడ కొన్నది ప్రభుత్వం కాదు, ఒక్క మనిషి.

సాల్టెయిర్‌లో టైటస్ సాల్ట్ 1853లో తెరిచిన ఉన్ని మిల్లు ఉంది. పక్కనే కార్మికులకు ఊరే కట్టించాడు. మిల్లు 1986లో మూతబడింది. ఇంత పెద్ద రాతి మిల్లు ఎవరికి కావాలి? 1987లో జోనథన్ సిల్వర్ అనే ఆయన కొన్నాడు. బట్టల వ్యాపారి, ఇక్కడివాడే. అందరూ ఆయన్ని పిచ్చోడన్నారట.

ఆయన చేసింది రెండు పనులు. బ్రాడ్‌ఫర్డ్‌లోనే పుట్టిన డేవిడ్ హాక్నీ బొమ్మలతో ఒక గ్యాలరీ తెరిచాడు, ప్రవేశం ఉచితం. పుస్తకాలు, పూలకుండీలు, తినేందుకు ఏదో ఒకటి పెట్టాడు. పేరొచ్చింది దీనితో. రెండోది ఎవరూ ఫోటో తీయనిది: మిల్లులో పెద్ద భాగం ఎలక్ట్రానిక్స్ కంపెనీకి అద్దెకిచ్చాడు. టీవీకి పెట్టుకునే డబ్బాలు అక్కడ తయారయ్యేవి. కప్పు బాగుచేసింది ఆ అద్దె. చూడ్డానికి వచ్చేవాళ్లు బొమ్మలు చూస్తారు, మిల్లు మాత్రం అద్దె మీద నిలబడింది. 1997లో ఆయన పోయారు, కుటుంబం నడుపుతోంది. 2001లో ఊరంతా యునెస్కో జాబితాలోకి వచ్చింది, అంటే ఆ ముద్ర పడకముందే అద్దెలు వస్తున్నాయి.

మా మామగారు అక్కడ ఉన్ని దువ్వే ఖాతాలో చేశారు. గ్యాలరీకి నేను వందసార్లు వెళ్లుంటాను, ఆయన ఒక్కసారి రాలేదు. "ఆ చప్పుడు లేకుండా నాకెందుకు" అంటారు.

---

గజాలలెక్క · ఫిబ్రవరి 14, ఉదయం 8:02

కథ బాగుందమ్మా. కానీ అక్కడికి లీడ్స్ నుంచి రైలు ఉంటుంది, జనం ఉంటారు.

---

బ్రాడ్‌ఫర్డ్ కోడలు · ఫిబ్రవరి 14, ఉదయం 8:40

ఆదోనికి రైలు లేదా అన్నయ్యగారూ? ముంబయి-చెన్నై లైను మీదే కదా ఊరు!

---

గజాలలెక్క · ఫిబ్రవరి 14, ఉదయం 8:44

😀 సరే, ఆ పాయింటు మీకు.

---

పట్టుపురుగు · ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 12:15

చూడ్డానికి వచ్చేవాళ్లను నమ్ముకోవద్దన్న మాటకి నాదీ ఒక సాక్ష్యం. సెరికల్చర్ శిక్షణకి జపాన్ వెళ్లినప్పుడు తోమియోకా పట్టు మిల్లు చూశాను. 1872లో మొదలై 1987లో ఆగింది. కతాకురా కంపెనీ దాన్ని అమ్మకుండా, అద్దెకివ్వకుండా, కూల్చకుండా 18 ఏళ్లు సొంత ఖర్చుతో కాపాడి 2005లో ఊరికి ఇచ్చేసింది. 2014లో యునెస్కో గుర్తింపు రాగానే ఆ ఏడు జనం విరగబడ్డారు, 13 లక్షల పైమాటే. తర్వాత ఏటేటా పడిపోతూ వచ్చింది. మరమ్మతు ఖర్చు మాత్రం పడిపోలేదు. అందరూ ఒకసారి చూస్తారు, రెండోసారి ఎందుకొస్తారు?

---

ఖాతాపుస్తకం · ఫిబ్రవరి 15, రాత్రి 11:20

మూడ్రోజులుగా చదువుతున్నాను. ఒక్కరూ లెక్క వేయలేదు, అందుకని నేను కూర్చున్నాను. అద్దె, మరమ్మతు అంకెలు నా అంచనా. మీ ఊరి ధర పెట్టి మార్చుకోండి.

అంతా అమ్మితే: 3 కోట్లు. మీది పాత ఆస్తి కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఖరీదుగా తీసుకోవచ్చు. లాభం మీద 12.5 శాతం, లేదా ధరల సూచీ కలుపుకుని 20 శాతం, ఏది తక్కువైతే అది. పన్ను పోను 2.7 కోట్లు చేతికొస్తాయనుకుందాం. 7 శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాదికి 18.9 లక్షలు.

ఉంచి అద్దెకిస్తే: 14 వేల అడుగులు, అడుక్కి నెలకి 8 రూపాయలు, 1.12 లక్షలు. ఏడాదిలో రెండు నెలలు ఖాళీ అనుకుంటే 11.2 లక్షలు. పైగా మరమ్మతుకి ముందే ఒక 40 లక్షలు తేవాలి.

ఇక్కడిదాకా గజాలలెక్క గారిదే గెలుపు, అందులో అనుమానం లేదు.

ఇప్పుడు ఈ అంకె చూడండి. 2 ఎకరాలంటే 9,680 గజాలు. మీ 14 వేల అడుగుల కట్టడం కూర్చున్నది 1,555 గజాల్లో. అంటే ఆరో వంతు! మీ చిన్నాయన, మీ చెల్లెలు తగువు పడుతున్నది ఆరో వంతు గురించి, మిగతా అయిదు వంతుల తుమ్మ గురించి ఎవరికీ గొడవ లేదు.

కట్టడం చుట్టూ లారీ తిరగడానికి, బళ్లు పెట్టుకోడానికి కలిపి 3,000 గజాలు ఉంచుకోండి. 6,680 గజాలు అదే రేటుకి అమ్మితే 2.07 కోట్లు. పన్ను పోను సుమారు 1.86. అందులోంచి 40 లక్షలు మరమ్మతుకి తీస్తే 1.46 కోట్లు, దాని వడ్డీ 10.2 లక్షలు. అద్దె 11.2 లక్షలు. కలిపి 21.4 లక్షలు. అంతా అమ్మిన దానికంటే రెండున్నర లక్షలు ఎక్కువ, 3,000 గజాలు ఇంకా మీ పేరు మీదే. వడ్డీ మొత్తానికి పన్ను పడుతుంది, అద్దెలో 30 శాతం మినహాయింపు ఉంది. అది వేరే లాభం.

---

గజాలలెక్క · ఫిబ్రవరి 16, ఉదయం 7:15

లెక్క శుభ్రంగా ఉంది, కానీ మిల్లు రోడ్డు ముఖాన ఉంటే? వెనక జాగాకి ఆ రేటు రాదు. దారికి మళ్లీ మీరే స్థలం వదలాలి. పావు వంతు తగ్గించుకోండి.

---

ఖాతాపుస్తకం · ఫిబ్రవరి 16, ఉదయం 9:30

ఒప్పుకుంటా. పావు వంతు తగ్గిస్తే అమ్మకం 1.55 కోట్లు, పన్ను పోను 1.4, మరమ్మతు పోను కోటి. వడ్డీ 7, అద్దె 11.2, వెరసి 18.2 లక్షలు. అంతా అమ్మితే వచ్చేదానికి 70 వేలు తక్కువ. ఆ 70 వేలకి రోడ్డు ముఖాన 3,000 గజాలు వదులుకుంటారా?

---

గజాలలెక్క · ఫిబ్రవరి 16, ఉదయం 9:58

నా సొంతమైతే వదులుకోను. కస్టమర్ అయితే వదులుకోమంటాను 🙏

---

సున్నంగార · ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 1:05

40 లక్షలు అన్నది ట్రస్సు మొదళ్లు బాగుంటేనే. అవి పోయుంటే ఈ లెక్కంతా తిరగబడుతుంది, నేనే కూల్చమంటాను. పది ట్రస్సులు మార్చి "పాతదాన్ని కాపాడాం" అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. ముందు ఇటుక తీసి చూడండి.

అద్దెకిచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. మిల్లు షెడ్డుని తినే చోటుగా, పాటల చోటుగా మార్చేవాళ్లు ఖరీదైన అద్దె ఇస్తామంటారు. ముంబయి కమలా మిల్స్‌లో 2017 డిసెంబరు 29న మేడపైన మంట లేచి 14 మంది పోయారు. పత్తి బేళ్ల కోసం కట్టిన చోటికి ఒకే పెద్ద తలుపు ఉంటుంది, జనం బయటపడే దారులు ఉండవు. వాడకం మార్చడానికి మున్సిపాలిటీ అనుమతి, అగ్నిమాపక శాఖ పత్రం లేకుండా తాళం చెవి ఇవ్వొద్దు.

---

వర్లీ చాళ్ పోరడు · ఫిబ్రవరి 16, రాత్రి 9:47

అవునన్న. ఆ రాత్రి మా ఇంటికి సైరన్లు వినొచ్చినయి.

---

పెంకులమిల్లు · జూన్ 21, రాత్రి 8:10

నాలుగు నెలలు మాయమైనందుకు క్షమించండి. ఏమైందో చెప్పాలి.

ఖాతాపుస్తకం గారి లెక్క అచ్చు తీసి ఇంట్లో అందరి ముందూ పెట్టినా. "ఆరో వంతు" అన్న మాట దగ్గర చిన్నాయన ఆగిపోయినాడు. కాగితం తిప్పి చూసి, "మరి ఇన్నాళ్లు ఎందుకు అరుచుకున్నాం?" అన్నాడు. నాయన అప్పుడు నోరు విప్పినాడు. ఆ 13 జిన్నులు అమ్మింది తనేనంట, అక్క పెళ్లికి. మాకెవరికీ తెలీదు.

ట్రస్సు మొదళ్లు సున్నంగార గారు చెప్పినట్టు తీసి చూపించినాము. 14లో 3 పోయినాయి, వాటికి కొత్త పాదాలు వెల్డింగ్ చేయించినాము. మొత్తానికి 40 లక్షలు దాటింది, 46 అయ్యింది. గోడౌను రేకులు తడిపి దించడానికి మేస్త్రీ రెండ్రోజులు నవ్వినాడు, మూడో రోజు మాస్కు పెట్టుకున్నాడు.

వెనక జాగా అమ్మకం ఇంకా బయానా దగ్గరే ఉంది. రేటు గజాలలెక్క గారు చెప్పినంత పడలేదు, ఖాతాపుస్తకం గారు వేసినంత రాలేదు. జిన్నుల షెడ్డు ఒక రెడీమేడ్ బట్టల యూనిట్ వాళ్లు తీసుకున్నారు. 40 కుట్టుమిషన్లు, ఎక్కువమంది ఆడవాళ్లు. అడుక్కి 7 రూపాయలకే ఒప్పుకున్నా. కిటికీలన్నీ ఉత్తరం వైపు ఎత్తుగా ఉన్నాయి, పగలు లైట్లు అక్కర్లేదని వాళ్లకు నచ్చింది. 6 జిన్నులు ఒక మూల వరసగా పెట్టి తాడు కట్టినాము. మిగతా 5 ఇనుపకొట్టు గారు అడుగుతూనే ఉన్నారు, ఇవ్వను. ప్రెస్సు గది ఖాళీగానే ఉంది. కాఫీ హోటలు గురించి చెల్లెలు అడగడం మానలేదు.

వర్లీ అన్నా, నువ్వు అడిగినది. పాత హమాలీల్లో ఒకాయన బతికే ఉన్నాడు. ఎంత బాకీ అనేది ఆయనకూ గుర్తు లేదు. ఆయన అడిగింది గేటు దగ్గర కాపలా పని, అది మనవడికి ఇచ్చినాము. దాంతో తీరిందో లేదో నాకు తెలీదు.

ఇప్పుడొక అవసరం. తూర్పు వాలు మీద పాత మంగళూరు పెంకు 600 దాకా తక్కువ పడుతున్నాయి. కొత్తవి ఆ గాడిలో కూర్చోవడం లేదు. వానలు మొదలైనాయి, ప్రస్తుతం టార్పాలిన్ కప్పినాము. ఎవరి ఊళ్లోనైనా పాత పెంకుటిల్లు కూలుస్తుంటే చెప్పండి.

---

ఇనుపకొట్టు · జూన్ 21, రాత్రి 8:31

పత్తికొండ దగ్గర ఒక పాత బడి షెడ్డు దించుతున్నారు, వెయ్యి పెంకు పైనే ఉంటుంది. లారీ మీరే పంపుకోవాలి. 5 జిన్నులు కాకపోయినా ఒక్కటి ఇవ్వండి సార్.